నొప్పి చెప్పని చెయ్యి

స్టీవెనేజ్‌లో ఉండే తెలుగువాళ్లలో క్రికెట్ తెలియనివాడు లేడు. బేస్‌బాల్ తెలిసినవాడు మాత్రం కిషన్‌రావు ఒక్కడే. ఒక్కడే కావడం వల్ల ఆ విషయంలో ఆయన మాటకి ఎదురు లేకుండా పోయింది. ఎదురు లేని మాట మనిషిని ఎంత పాడు చేస్తుందో చూడాలనుకునేవాళ్లు ఆయన పక్కన ఒక పూట కూచుంటే చాలు.

కిషన్‌రావుది కరీంనగర్. చదువు హైదరాబాద్‌లో, ఉద్యోగం స్టీవెనేజ్‌లో విమానాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో. ఏ యంత్రాన్ని ఎప్పుడు ఆపి విశ్రాంతి ఇవ్వాలో, ఏ బేరింగ్‌ని అరిగిపోకముందే మార్చాలో ముందుగా చెప్పడం ఆయన పని. శబ్దం చెయ్యకుండా పనిచేసే యంత్రాన్నే ఎక్కువ అనుమానించాలని కొత్తగా చేరిన పిల్లలకి పాఠం చెప్పేవాడు. ఆ పాఠానికి ఆఫీసులో మంచి పేరుంది.

2008లో కంపెనీ ఆయన్ని శిక్షణకని కొన్నాళ్లు అమెరికా పంపింది. సెలవు రోజున హోటల్ గదిలో గోళ్లు గిల్లుకుంటూ కూచున్నవాణ్ణి చూసి ఒక సహోద్యోగి జాలిపడి, ఆ ఊరి బేస్‌బాల్ జట్టు హెరాన్స్ ఆటకి తీసుకుపోయాడు. మొదటి గంట ఏమీ అర్థం కాలేదు. రెండో గంటలో కొంచెం అర్థమైంది. మూడో గంటకల్లా, జట్టుని నడిపించే మేనేజర్ పిచర్‌ని తప్పుడు సమయంలో మార్చాడని పక్కవాడితో వాదిస్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు కూతురికి చాక్లెట్లు, భార్యకి హ్యాండ్‌బ్యాగు, తనకి జీవితకాలానికి సరిపడా తలనొప్పి తెచ్చుకున్నాడు.

హెరాన్స్ గెలిచే జట్టు కాదు. గెలిచే జట్టు అభిమానికి అభిప్రాయాలతో పనేముంది? ఓడే జట్టు అభిమానికి అవే తిండి. అప్పట్నుంచి రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్లేముందు వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి, అమెరికాలో రాత్రి జరిగిన ఘోరం చదివి, అభిమానుల వెబ్‌సైటులో తన తీర్పు రాసి పెట్టేవాడు. అక్కడ ఆయన పేరు ‘స్టీవెనేజ్ రావు’. స్టీవెనేజ్ అంటే ఒక ఊరని అక్కడివాళ్లకి ఏం తెలుసు? “నిజమే స్టీవ్” అని జవాబిచ్చేవారు. ఆ స్టీవ్ అన్నవాడు మన కిషన్‌రావే అని తెలిసిన మనిషి ఇంట్లో లక్ష్మీబాయి ఒక్కతే.

లక్ష్మీబాయి ఆయన భార్య. కౌన్సిల్ ఆఫీసులో పార్ట్‌టైమ్ పని చేస్తుంది. పొద్దున ఆమె దోసెలు పోస్తుంటే ఆయన ఉపన్యాసం పోసేవాడు. బేస్‌బాల్‌లో పిచర్ అంటే బంతి విసిరేవాడని, ఒక్కో బంతికీ మోచెయ్యి మెలి తిరుగుతుందని, ఆట దాదాపు రోజూ ఉంటుంది కాబట్టి ఎవరిని ఆడించాలన్నదాని కన్నా ఎవరిని కూచోబెట్టాలన్నదే అసలు విద్య అని చెప్పేవాడు. రానని మారాం చేసేవాడు బతికిపోతాడు, రమ్మనగానే వచ్చేవాడే విరుగుతాడు అనేవాడు. మేనేజర్ అన్నవాడు నొప్పి అని చెప్పనివాడి చెయ్యే ముందు చూడాలనేవాడు. ఆమె ఊ కొట్టేది కాదు. పొగ లాగే ఫ్యాన్ హోరులో ఆమెకి వినబడదని ఆయన నమ్మకం. వినబడకపోయినా చెప్పడం ఆపేవాడు కాదు.

కూతురు వర్షితకి మాత్రం అంత ఓపిక లేదు. “డాడ్, నోబడీ ఆస్క్‌డ్,” అని టోస్టు నోట్లో పెట్టుకుని బడికి పోయేది.

2019 జూన్‌లో రెండు అమెరికా జట్లు లండన్ వచ్చి ఆడినప్పుడు, ఇక ఊళ్లో తనకి తోడు దొరికినట్టే అనుకుని తెలుగు సంఘం అధ్యక్షుడు దినేశ్‌ని బతిమాలి తీసుకువెళ్లాడు. దినేశ్ ఐటీ మనిషి, హైదరాబాద్ వాడు, మొహమాటస్తుడు. సగం ఆటయ్యాక, ఇంకా ఎన్ని ఓవర్లున్నాయన్నా అని అడిగాడు. ఓవర్లే లేని ఆటలో అడిగిన ఆ ప్రశ్నని కిషన్‌రావు చాలా రోజులు మరిచిపోలేదు.

ఇంత విద్య ఉన్నవాడికి చేతిలో ఒక జట్టు లేకపోతే ఎలా? ఆ లోటు సంఘం తీర్చింది. కిషన్‌రావు సంఘానికి ఫుడ్ సెక్రెటరీ. ఏ పండుగకి ఎవరు ఏం వండి తేవాలో రోటా వేసే అధికారం ఆయనది. రోటా వేసే రోజున ముఖం గంభీరంగా పెట్టేవాడు. ఎవరికి నడుం నొప్పి, ఎవరి అత్తగారు ఇండియా నుంచి వచ్చారు, ఎవరు పోయినసారి పులిహోర మాడ్చారు, అన్నీ లెక్కలోకి తీసుకునేవాడు. కనకదుర్గ గారు భుజం పట్టేసిందని గ్రూపులో ఒక మెసేజ్ పెడితే చాలు, ఆమెకి పేపరు ప్లేట్లు తెచ్చే పని మాత్రమే పడేది. శాంతకుమారి గారు మనసు బాగాలేదంటే అదీ ఉండేది కాదు. ఇలా అందరినీ తప్పించగా తప్పించగా చివరికి మిగిలేది లక్ష్మీబాయి. ఆమె గ్రూపులో ఏ మెసేజూ పెట్టదు. ఇంట్లో మనిషే కాబట్టి అడగాల్సిన పని కూడా లేదని ఆయన లెక్క.

ఆమె పేరు పక్కన పడేవి సకినాలు. ఊళ్లో అయితే సకినాలకి ఒక కాలం ఉంటుంది. స్టీవెనేజ్‌లో కమ్యూనిటీ హాలు దొరికిన రోజే పండుగ, పండుగన్నాక సకినాలుండాలి. ఎప్పుడో ఒక బతుకమ్మకి ఆమె సరదాకి ఒక డబ్బా చేసి తెచ్చింది. అంతే, అది ఆచారమైపోయింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద గుడ్డ పరిచి, పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ సన్నటి తాడులా వదిలి, చుట్టు మీద చుట్టు తిప్పాలి. మరమీద అయ్యే పని కాదు. చెయ్యి తిరిగినవాళ్లకి గానీ రాదు, చెయ్యి తిప్పీ తిప్పీ గానీ తిరగదు. కేంబ్రిడ్జ్ నుంచి కూడా జనం కారేసుకుని వచ్చి ఆ సకినాల కోసం మొదట వరుసలో నిలబడేవారు. వదిన చేతిలో ఏదో ఉంది అని మెచ్చుకునేవారు. ఏముందో ఎవరూ చూడలేదు.

లండన్ ఆట అయిన ఆ ఏడాదే సెప్టెంబరులో లక్ష్మీబాయి కుడి మణికట్టు వాచింది. కెటిల్ ఎత్తబోతే బొటనవేలి మొదట్లో చురుక్కుమంటోంది. భర్తతో చెప్పింది. ఆయన ల్యాప్‌టాప్ మీంచి కళ్లెత్తకుండా బామ్ రాసుకోమన్నాడు. నాలుగు రోజులయ్యాక మళ్లీ చెప్పింది. అప్పుడాయనకి అంతకన్నా పెద్ద కష్టమొచ్చి ఉంది. హెరాన్స్‌లో ఆట చివర్లో వచ్చి గెలుపు కాపాడే ఓకెండన్ అనే పిచర్‌కి మోచెయ్యి నొప్పిగా ఉందట. పదేళ్ల తర్వాత జట్టు ఒక మెట్టు పైకెక్కే అవకాశం వచ్చింది. మేనేజర్ హచిన్స్ ఆ కుర్రాణ్ణి రోజు విడిచి రోజు కూడా కాదు, రోజూ దింపుతున్నాడు. విలేకరులు అడిగితే, ఈ కొద్ది ఆటలే కదా, తర్వాత చలికాలమంతా విశ్రాంతే అన్నాడు.

ఆ మాట కిషన్‌రావుని కాల్చేసింది. వెబ్‌సైటులో పేజీలకి పేజీలు రాశాడు. కుర్రవాడు నోరు తెరిచి అడగలేడని తెలిసి వాడుకోవడం మేనేజర్ పనా, దొంగ పనా అని నిలదీశాడు. అతన్ని వెంటనే గాయపడినవాళ్ల జాబితాలో వేసి కూచోబెట్టాలన్నాడు. అందరూ స్టీవ్‌ని మెచ్చుకున్నారు.

జీపీ సర్జరీకి, అంటే పేటలో ఉండే డాక్టరు క్లినిక్‌కి, అపాయింట్‌మెంట్ లక్ష్మీబాయే తీసుకుంది. తోడుగా వెళ్లిన కిషన్‌రావు, నొప్పి ఎప్పట్నుంచని డాక్టరమ్మ అడగ్గానే తనే అందుకున్నాడు. ఇది సరిగ్గా పిచర్లకి వచ్చే బాధ లాంటిదేనని, అయితే వాళ్లకి మోచేతి దగ్గరని, ఓకెండన్ సంగతి తీసుకుంటే అని మొదలుపెట్టాడు. ఉన్న పది నిమిషాల్లో ఓకెండన్‌కి సగానికి పైనే పోయింది. మిగిలిన కాస్తలో డాక్టరమ్మ లక్ష్మీబాయి చెయ్యి నొక్కి చూసి, బొటనవేలి నరం వాచిందని, మణికట్టుకి పట్టీ వేసుకోవాలని, ఆరు వారాలు మెలిపెట్టే పనులేవీ చెయ్యకూడదని చెప్పింది. పట్టీ ఎలా కట్టాలో కిషన్‌రావు చాలా శ్రద్ధగా నేర్చుకున్నాడు. సంఘం గ్రూపులో ఫోటో కూడా పెట్టాడు, పిచర్లు వాడేది కూడా ఇలాంటిదే అని.

మరి బతుకమ్మకి సకినాలు? ఆ ఆలోచన ఆయనకి వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పడం ఎందుకు? రోటా ముందు పెట్టుకుని ఒక సాయంత్రమంతా కూచున్నాడు కూడా. శాంతకుమారికి రాదు. కనకదుర్గకి వచ్చు, కానీ ఆమె భుజం సంగతి అందరికీ తెలిసిందే. దినేశ్ ఫోన్ చేసి ఈసారి కౌన్సిల్ నుంచి పెద్దమనుషులొస్తున్నారని, వదిన సకినాలు గ్యారంటీయే కదా అని అడిగాడు. గ్యారంటీ అనేశాడు కిషన్‌రావు. ఫోన్ పెట్టేసి భార్య వైపు తిరిగి, వీలైనంత మెత్తగా అడిగాడు.

“గిదొక్కటి అయిపోనీ లక్ష్మీ. తర్వాత చలికాలమంత నీకు రెస్టే.”

లక్ష్మీబాయి లేచింది. బియ్యం నానబోసింది. అభ్యంతరం లేదన్నమాట, అని కిషన్‌రావు తేల్చుకున్నాడు.

పండుగ శనివారం. శుక్రవారం ఇద్దరూ సెలవు పెట్టారు. ఆమె పొద్దున్నే హాల్లో సోఫా జరిపి తెల్ల గుడ్డ పరిచింది. పిండి గిన్నె పక్కన పెట్టుకుని, పట్టీ విప్పి కిటికీలో పెట్టి, కింద కూచుంది. ఆయన ఎప్పటిలాగే వంటింట్లో ల్యాప్‌టాప్ తెరిచాడు. తెరిచిన కాసేపటికే అది పట్టుకుని హాల్లోకి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. ఓకెండన్ మోచెయ్యి పోయింది. బంతి విసిరిన వాడు విసిరినట్టే చెయ్యి పట్టుకుని మైదానంలో కూలబడ్డాడట. ఆపరేషన్ చెయ్యాలి, వచ్చే సంవత్సరం ఆట లేదు, ఆ తర్వాత సంగతి దేవుడికే తెలుసు.

కిషన్‌రావుకి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కుర్రవాణ్ణి ఆయన కొత్తగా వచ్చినప్పట్నుంచి ఎరుగును, ఎరగడమంటే టీవీలోనే అనుకోండి. గుడ్డ పక్కన అటూ ఇటూ తిరుగుతూ హచిన్స్‌ని దులిపేశాడు. వాడికి కళ్లు లేవా అన్నాడు. చలికాలమంతా విశ్రాంతట, విరిగిన చేతికి చలికాలమేమిటి, ఎండాకాలమేమిటి అన్నాడు. జట్టు గెలుపు జట్టుదే, చెయ్యి మాత్రం వాడొక్కడిది, ఈ సంగతి తెలియనివాడు మేనేజర్ ఎలా అయ్యాడు అన్నాడు. అలా తిరుగుతూ ఒకసారి కిందికి చూశాడు.

గుడ్డ మీద రెండు సకినాలున్నాయి. మూడోది సగం చుట్టులో తెగి పడి ఉంది. లక్ష్మీబాయి కుడిచేతి వేళ్లు పిండి ముద్ద మీద దగ్గరికి రావడం లేదు. ఎడమచేత్తో వాటిని దగ్గరికి నొక్కుతోంది. అవి మళ్లీ విడిపోతున్నాయి. నుదుట చెమట పట్టింది.

“హచిన్స్‌ని తిట్టుడు అయిపోయిందా?” అన్నది తలెత్తకుండానే.

ఆయన ల్యాప్‌టాప్ మూశాడు.

“రమ్మంటె వచ్చేటోడే విరుగుతడని మీరే అంటరు గదా. నొప్పి అని చెప్పనోని చెయ్యి మొదలు చూడాలె అంటరు. పదకొండేండ్ల సంది దోసె దోసెకు వింటున్న. ఓకెండన్ అయితె నోరిడిచి చెప్పలేదు. నేను చెప్పిన. బామ్ రాసుకో అన్నరు.”

కిషన్‌రావు నోరు తెరిచాడు. రేపొక్క రోజే కదా, అని రాబోయింది. ఆ మాట ఎవరిదో సగంలోనే గుర్తుపట్టాడు. జీవితంలో మొదటిసారి ఒక వాక్యాన్ని మింగాడు. ఆమె వినడం లేదని అన్నేళ్లు ధీమాగా ఉన్నాడు. ఆమె అంతా విన్నది, వినంది తనే.

కిటికీలోంచి పట్టీ తీసుకొచ్చి కింద కూచుని, పిండి అంటిన ఆ చెయ్యి తుడిచి కట్టాడు. బాగా కట్టాడు. ఆ విద్య ఆయనకి వచ్చు కదా.

తర్వాత దినేశ్‌కి ఫోన్ చేసి సకినాలు లేవన్నాడు. దినేశ్ గాబరాపడ్డాడు. అన్నీ వద్దులే అన్నా, కౌన్సిల్ వాళ్ల వరకు ఒక్క పళ్లెం వదినతో చేయించు అని బతిమాలాడు.

“మా ఇంట్ల మేనేజర్‌ని తీసేసిన్రు, దినేశ్,” అన్నాడు కిషన్‌రావు.

దినేశ్‌కి అర్థం కాలేదు. పిండి మాత్రం గిన్నెడు మిగిలే ఉంది. పారబొయ్యడానికి మనసొప్పక ఆయనే గుడ్డ ముందు కూచుని చుట్టబోయాడు. మొదటిది వానపాములా వచ్చింది. లక్ష్మీబాయి ఎడమచేత్తో చూపిస్తూ, గట్టిగ ఒత్తొద్దు, మెల్లగ విడవాలె అన్నది. బడి నుంచి వచ్చిన వర్షిత ఆ దృశ్యం చూసి గుమ్మంలోనే నవ్వింది. “ఓ మై గాడ్, డాడ్, దట్స్ ట్రాజిక్,” అని తనూ కూచుంది. సాయంత్రానికి ఆయన బొటనవేలు తిమ్మిరెక్కింది, భుజం లాగేసింది, నడుం పట్టేసింది. చూస్తే పళ్లెం కూడా నిండలేదు. ప్రతిసారీ పెద్ద పెద్ద డబ్బాలు నిండేవి.

మర్నాడు కమ్యూనిటీ హాల్లో భోజనాల బల్ల వెనక కిషన్‌రావు నిలబడ్డాడు. ముందు ఒక పళ్లెంలో వంకర సకినాలు. కేంబ్రిడ్జ్ నుంచి వచ్చినవాళ్లు వాటిని చూసి, వదిన సకినాలు లోపలున్నాయా అని గుసగుసగా అడిగారు. చెయ్యి బాగాలేదని ప్రతివాళ్లకీ చెప్పాడు. ఇక చూడాలి. ఒకాయన పసుపు పట్టించాలన్నాడు. ఒకావిడ షుగర్ టెస్టు చేయించారా అంది. కనకదుర్గ గారు పట్టీ ఇంకా బిగించాలని, తన భుజానికి అలాగే తగ్గిందని, అయినా ముందే చెప్పి ఉంటే ఇంకెవరినైనా చూసుకునేవాళ్లం కదా అని అంది. వచ్చే నెల దీపావళికి తగ్గిపోతుంది కదా అని ఇంకొకరు ఆశగా అడిగారు. అందరికీ అభిప్రాయాలున్నాయి. గిన్నెలు కడగడానికి ఒక్కరూ రాలేదు. ఈ జాతిని ఎక్కడో చూశానే అనుకున్నాడు కిషన్‌రావు. ఎక్కడో కాదు, రోజూ పొద్దున వంటింటి బల్ల దగ్గర.

దీపావళికి సకినాలుండవని, కావలసినవాళ్లు వచ్చి నేర్చుకుంటే పిండి తను పట్టి పెడతానని గట్టిగానే చెప్పాడు. నేర్చుకుంటామని ఎవరూ అనలేదు.

హాలు మధ్యలో బతుకమ్మలు పెట్టారు. ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. లక్ష్మీబాయి పట్టుచీర మీద నల్ల పట్టీతో, చప్పట్లు లేకుండా, కుడిచెయ్యి గుండెకి ఆనించుకుని అందరితో పాటు వంగుతూ లేస్తూ తిరిగింది. ఎప్పుడూ వంటల బల్ల దగ్గరే ఉండి ఏ బతుకమ్మా పూర్తిగా ఆడని మనిషి, ఈసారి చివరిదాకా ఆడింది. కిషన్‌రావు గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూశాడు.

ఇంటికి వెళ్లేందుకు కారెక్కాక, ఆయన ఎడమ పక్కన కూచున్న ఆమె అడిగింది.

“హెరాన్స్ గెలిచిన్రా?”

“చూడలే.”

“మరి ఆ పిలగాని చెయ్యి ఎట్లున్నదట?”

తాళంచెవి తిప్పబోయిన కిషన్‌రావు ఆగాడు.

“నీ చెయ్యి ఎట్లున్నది?” అన్నాడు. ఆ ప్రశ్న అడగడం ఆయనకి ఎంత కొత్తో గొంతులోనే తెలిసిపోయింది.

లక్ష్మీబాయి పట్టీ వైపు చూసుకుంది. బాగానే ఉంది అంటుందేమో అనుకున్నాడు. ఎవరేం అడిగినా అన్నేళ్లూ ఆమె చెప్పిన జవాబు అదే.

“నొస్తున్నది,” అన్నది. “మస్తు నొస్తున్నది.”

దాని మీద కిషన్‌రావుకి అభిప్రాయమేమీ తోచలేదు. ఆ చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.